భాషలా వినిపించేదంతా భాషేనా? అన్యభాషల ప్రార్థనపై శాస్త్రం ఏమంటోంది

పెంతెకొస్తు సంఘాల ఆరాధనలో పాటలు, ప్రార్థన ఊపందుకున్నాక ఒక్కోసారి తెలిసిన భాష ఆగిపోతుంది. ప్రార్థిస్తున్న మనిషి నోట మాత్రం ధారగా అక్షరాలు వస్తూనే ఉంటాయి. వాటికి లయ ఉంటుంది, విరామాలు ఉంటాయి. ఒకసారి వేడుకోలులా, ఒకసారి స్తుతిలా వినిపించే స్వరం ఉంటుంది. కానీ పక్కనున్నవారికే కాదు, సాధారణంగా పలికేవారికి కూడా ఆ మాటల అర్థం తెలియదు. క్రైస్తవులు దీన్ని అన్యభాషలతో మాట్లాడటం అంటారు. ఇది పరిశుద్ధాత్మ ఇచ్చే వరమని ఈ సంఘాలవారి నమ్మకం. పరిశోధకులు దీనికి వాడే పేరు 'గ్లోసోలాలియా'. గ్రీకులో గ్లోస్సా అంటే నాలుక లేదా భాష, లాలియా అంటే మాట్లాడటం.

ఇది ఏ మూలనో కొద్దిమందికి పరిమితమైన ఆచారం కాదు. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ 2011లో వేసిన అంచనా ప్రకారం పెంతెకొస్తు, కరిస్మాటిక్ ధోరణులకు చెందిన క్రైస్తవులు ప్రపంచంలో దాదాపు 58 కోట్ల మంది. వీరందరూ అన్యభాషల్లో ప్రార్థిస్తారని కాదు గానీ, ఆ వరాన్ని గుర్తించే సంప్రదాయాలు వీరివి. మన దేశంలో కేరళ నుంచి ఈశాన్యం వరకు, తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి సంఘాలున్నాయి.

దీన్ని తొలిసారి విన్నవారు సాధారణంగా రెండు రకాలుగా స్పందిస్తారు. కొందరు ఇది తమకు తెలియని ఏదో నిజమైన భాష అనుకుంటారు. కొందరు పిచ్చి అనో, నటన అనో కొట్టిపారేస్తారు. గత వందేళ్లలో భాషాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, నాడీశాస్త్రం దీన్ని పరిశీలించి తేల్చిన విషయాలు ఈ రెండు అభిప్రాయాలతోనూ ఏకీభవించవు.

బైబిల్లో రెండు చిత్రాలు

ఈ ఆచారానికి ఆధారం కొత్త నిబంధనలో ఉంది. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం ప్రకారం, యెరూషలేములో పెంతెకొస్తు పండుగ రోజున శిష్యులు మాట్లాడుతుంటే వేర్వేరు దేశాల నుంచి వచ్చినవారు ఎవరి భాషలో వారు విన్నారు. అంటే అక్కడ వినిపించినవి మనుషులు రోజూ మాట్లాడుకునే భాషలు.

కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి పత్రికలో చిత్రం వేరుగా ఉంటుంది. 14వ అధ్యాయంలో అన్యభాషలో మాట్లాడేవారు మనుషులతో కాక దేవునితో మాట్లాడుతున్నట్టు, అర్థం చెప్పేవారు లేకపోతే విన్నవారికి ప్రయోజనం లేనట్టు పౌలు వివరిస్తాడు.

పరిశోధకులు ఈ రెంటికీ వేర్వేరు పేర్లు పెట్టారు. నేర్చుకోని నిజమైన భాషను మాట్లాడటం 'జెనోలాలియా'. ఏ భాషకూ చెందని అక్షరధార 'గ్లోసోలాలియా'. ఈ తేడా పండితులకు మాత్రమే పనికొచ్చేది కాదు. ఆధునిక పెంతెకొస్తు ఉద్యమం పుట్టిన కొత్తలోనే ఇది ఒక అగ్నిపరీక్షకు దారి తీసింది. ఆ పరీక్ష జరిగింది మన దేశంలోనే.

కలకత్తాలో తేలిన సంగతి

1901 జనవరి 1న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం టొపీకాలో, చార్లెస్ పార్హామ్ నడిపే బైబిలు పాఠశాలలో ఆగ్నెస్ ఓజ్మన్ అనే విద్యార్థిని అన్యభాషలో మాట్లాడినట్టు ఉద్యమ చరిత్ర చెబుతుంది. పార్హామ్ దీన్ని జెనోలాలియాగానే తీసుకున్నాడు. మిషనరీలు ఇకపై ఏళ్ల తరబడి పరాయి భాషలు నేర్చుకోనక్కర్లేదని, దేవుడే ఆ భాషను నోట పెడతాడని బోధించాడు. ఆయన వద్ద పాఠాలు విన్న నల్లజాతి బోధకుడు విలియం సేమూర్ 1906లో లాస్ ఏంజెలస్‌లోని అజూసా వీధిలో ప్రారంభించిన సభలు ఉద్యమాన్ని ప్రపంచమంతటా వ్యాపింపజేశాయి.

ఆ సభల్లో అన్యభాషలు పలికిన ఆల్ఫ్రెడ్ గార్, తనకు బెంగాలీ వచ్చిందని నమ్మాడు. భార్య లిలియన్‌తో కలిసి ఓడెక్కి, 1907 ప్రారంభానికల్లా కలకత్తా చేరాడు. అక్కడ బెంగాలీ మాతృభాషగా ఉన్నవారి ముందు నిలబడితే ఫలితం స్పష్టంగా తేలిపోయింది. ఆయన మాట్లాడినది బెంగాలీ కాదు. ఆ తర్వాత ఆ దంపతులు హాంకాంగ్ వెళ్లి, అందరిలాగే కూర్చుని చైనీస్ నేర్చుకోవడానికి పూనుకున్నారు.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, 'ఇది బెంగాలీ' అన్న మాట పరీక్షకు నిలబడగలిగే ప్రతిపాదన. బెంగాలీవారిని అడిగితే తప్పో ఒప్పో తేలుతుంది. రెండు, ఆ పరీక్షలో ఓడిపోయాక గార్ తన విశ్వాసాన్ని వదులుకోలేదు. అన్యభాషలు ప్రచారం కోసం కాదు, ప్రార్థన కోసం, స్తుతి కోసం అని అర్థాన్ని మార్చుకున్నాడు. ఉద్యమంలో అధికభాగం క్రమంగా అదే దారి పట్టింది.

అలాగని భారతదేశం ఈ చరిత్రలో కేవలం పరీక్షా కేంద్రంగా మిగల్లేదు. పుణె సమీపంలోని కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి స్థాపించిన ముక్తి మిషన్‌లో 1905లోనే ఉజ్జీవం మొదలైంది. అజూసా వీధి సభలకు అది ముందటి సంగతి. తర్వాతి రెండేళ్లలో అక్కడి నుంచి కూడా అన్యభాషల ప్రార్థనల గురించి వార్తలు వెలువడ్డాయి.

భాషను గుర్తుపట్టేదెలా?

ప్రపంచంలో వేల భాషలున్నాయి. అన్యభాషల్లో వినిపించేది వాటిలో ఒకటి కాదని ఎలా చెప్పగలం? ప్రతి భాష తెలిసినవారినీ పిలిచి వినిపించడం సాధ్యం కాదు. భాషాశాస్త్రవేత్తలు వేరే దారిలో వెళతారు. అది ఏ భాష అని కాక, అసలు భాషకు ఉండాల్సిన నిర్మాణం ఉందా అని చూస్తారు.

మానవ భాషలన్నిటికీ రెండు అంతస్తులుంటాయి. కింది అంతస్తులో ధ్వనులు. క, చ, ట లాంటి ధ్వనులకు వాటంతట వాటికి అర్థం లేదు. పరిమితమైన ఈ ధ్వనులను కొన్ని నియమాల ప్రకారం కలిపితే పై అంతస్తులో అర్థమున్న ముక్కలు తయారవుతాయి. 'చెట్టు' అనే ముక్క 'చెట్టుకు', 'చెట్టులో', 'చెట్టుమీద' అంటూ మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ '-కు', '-లో' అనేవే ఇంటికీ ఊరికీ కూడా అతుకుతాయి. తెలుగు ఒక్క ముక్క రాని భాషావేత్త అయినా గంటల కొద్దీ రికార్డింగులు విని, ఏ ముక్క ఏ సందర్భంలో తిరిగి వస్తోందో పట్టిక వేస్తే ఈ అల్లిక బయటపడుతుంది. ఎవరూ రాసిపెట్టని గిరిజన భాషల వ్యాకరణాలు సిద్ధమయ్యేది ఇలాగే.

కింది అంతస్తు ఉండి పై అంతస్తు లేకపోతే ఎలా ఉంటుంది? తెలుగువారు రోజూ వాడే జంటమాటల్లో దానికి చిన్న నమూనా దొరుకుతుంది. 'పుస్తకం గిస్తకం', 'పెళ్లీ గిళ్లీ' అంటాం. 'గిస్తకం' నిఘంటువులో లేదు. విడిగా దానికి అర్థమూ లేదు. అయినా అది వినడానికి అచ్చం తెలుగు మాటలాగే ఉంటుంది, ఎందుకంటే తెలుగు ధ్వనుల కూర్పు నియమాలను అది ఎక్కడా దాటలేదు. 'గిస్తకం' లాంటి మాటలతోనే ఐదు నిమిషాలు ఆగకుండా మాట్లాడితే తెలుగు తెలియనివారికి అది ఒక భాషలాగే వినిపిస్తుంది.

శామరిన్ టేపులు చెప్పినది

కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన విలియం శామరిన్ సరిగ్గా ఈ పరిశీలనే చేశారు. మధ్య ఆఫ్రికా భాషలపై క్షేత్ర పరిశోధన చేసిన ఆయన, ఇటలీ, నెదర్లాండ్స్, జమైకా, కెనడా, అమెరికా దేశాల్లో అన్యభాషల ప్రార్థనలను కొన్నేళ్లపాటు పరిశీలించి, నమూనాలను విశ్లేషించారు. ఆ ఫలితాలతో 1972లో వెలువడిన ఆయన పుస్తకం ఈ రంగంలో ఇప్పటికీ మూలగ్రంథం.

ఆయన గమనించిన మొదటి విషయం, పలికేవారి ధ్వనులు దాదాపుగా వారి మాతృభాషవే, లేదా వారికి అంతో ఇంతో పరిచయమున్న భాషలవే. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన మనిషి నోట మన 'ళ', 'ణ' లాంటి ధ్వనులు ఊడిపడవు. పైగా మాతృభాషలోని ధ్వనులన్నీ కూడా వాడరు. కొన్నిటినే ఎక్కువగా తిప్పి తిప్పి వాడతారు. రెండో విషయం, అక్షరాల కూర్పు మామూలు మాటకంటే సరళంగా ఉంటుంది. హల్లు, దాని వెంట అచ్చు, మళ్లీ హల్లు, అచ్చు అన్న వరస ఎక్కువ. మూడో విషయం పునరుక్తి. 'శలమ రియ కాంద, శలమ రియ తోంద' వంటి కూర్పును ఊహించుకుంటే ఆ పద్ధతి అర్థమవుతుంది. ఇది ఏ రికార్డింగు నుంచీ తీసుకున్నది కాదు, కేవలం ఉదాహరణ కోసం కల్పించినది.

ఇంత క్రమం ఉన్నా, ఫలానా ధ్వనుల ముక్క ఫలానా అర్థానికి స్థిరంగా ముడిపడిన జాడ ఆయనకు కనిపించలేదు. కింది అంతస్తు పటిష్ఠంగా ఉంది, పై అంతస్తు లేదు. అందుకే గ్లోసోలాలియా భాషకు ముఖభాగం లాంటిదని శామరిన్ తేల్చారు. ముందు నుంచి చూస్తే ఇల్లులాగే ఉంటుంది, లోపల గదులుండవు.

మాతృభాష ప్రభావం ఎంత బలమైనదో చూపే పాత ఉదాహరణ ఒకటి క్రైస్తవ ప్రార్థనకు బయట దొరుకుతుంది. 1890లలో జెనీవాలో ఎలెన్ స్మిత్ అనే మారుపేరుతో ప్రసిద్ధి చెందిన ఒక ఆత్మల మాధ్యమం, తనకు కుజగ్రహ భాష వస్తుందని, పూర్వజన్మలో తాను భారతీయ రాకుమారినని చెప్పేది. మనస్తత్వవేత్త థియోడోర్ ఫ్లోర్నాయ్ ఆమెను ఏళ్ల తరబడి పరిశీలించాడు. ఆమె కుజ భాషలో పదాలకు నిలకడైన అర్థాలున్నాయి. అంటే అది గ్లోసోలాలియా కన్నా ఒక మెట్టు పైనున్నదే. కానీ ఆమెకు ఫ్రెంచి మాతృభాష, ఆ కుజ భాష వ్యాకరణమూ పూర్తిగా ఫ్రెంచిదే. ఆమె 'సంస్కృతాన్ని' పరిశీలించినవారిలో ఆధునిక భాషాశాస్త్రానికి ఆద్యుడుగా పేరొందిన ఫెర్డినాండ్ ద సొస్యూర్ ఒకరు. అది సంస్కృతం కాకపోయినా, ఫ్రెంచిలో విరివిగా వచ్చే 'ఫ' ధ్వని అందులో లేదని ఆయన గుర్తించాడు. సంస్కృతంలోనూ ఆ ధ్వని లేదు. ఎక్కడో చెవినపడ్డ భాష స్వరూపాన్ని మనసు తెలియకుండానే ఎంత సూక్ష్మంగా అనుకరించగలదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

అర్థం చెప్పేవారి మాటేమిటి?

కొన్ని సంఘాల్లో ఒకరు అన్యభాషలో పలికితే మరొకరు దాని అర్థం చెబుతారు. పలికినదానిలో స్థిరమైన అర్థం ఉంటే, వేర్వేరు వ్యక్తులు చెప్పే అర్థాలు కలవాలి. అమెరికా మనస్తత్వవేత్త జాన్ కిల్డాల్ ఒకే రికార్డింగును విడివిడిగా పలువురు అర్థం చెప్పేవారికి వినిపించారు. వారు చెప్పిన అర్థాలకు పొంతన కుదరలేదు. ఒకే ధ్వనులకు వేర్వేరు అర్థాలు వచ్చినా తప్పులేదని, అర్థం కూడా అప్పటికప్పుడు వచ్చే వరమేనని కొందరు విశ్వాసులు వివరణ ఇచ్చారు. ఆ వివరణను ప్రయోగంతో తోసిపుచ్చలేం. కానీ ఒకటి స్పష్టం. అక్కడ జరుగుతున్నది ఒక భాష నుంచి మరో భాషకు చేసే అనువాదం లాంటి పని కాదు.

మైకమా, అలవాటైన విద్యా?

మనిషి ఈ స్థితికి ఎలా చేరతాడన్న దానిపై పరిశోధకుల మధ్య పెద్ద వాదమే నడిచింది. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మానవశాస్త్రవేత్త ఫెలిసిటాస్ గుడ్‌మన్ ఇంగ్లీషు, స్పానిష్ మాట్లాడేవారి ప్రార్థనలతోపాటు మెక్సికోలోని యుకటాన్‌లో మాయా భాష మాట్లాడేవారి ప్రార్థనలనూ రికార్డు చేశారు. మాతృభాషలు వేరైనా స్వరం అలలా పైకి లేచి, శిఖరం చేరి, దిగిపోయే తీరు అందరిలో ఒకేలా ఉందని గమనించారు. శరీరం ఒక రకమైన మైకంలోకి వెళ్లడమే దీనికి కారణమని ఆమె వాదన.

శామరిన్ దీన్ని ఒప్పుకోలేదు. కొత్తలో ఉద్వేగం ఉన్నా, అలవాటైనవారు ఇంటిపనులు చేసుకుంటూ కూడా ప్రశాంతంగా అన్యభాషల్లో ప్రార్థించగలరని, అనుకున్నప్పుడు మొదలుపెట్టి అనుకున్నప్పుడు ఆపగలరని ఆయన చూపారు.

ఈ వాదాన్ని ప్రయోగశాలకు తెచ్చింది కెనడా మనస్తత్వవేత్త నికొలాస్ స్పానోస్ బృందం. 1986లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 60 మందికి 60 సెకన్ల గ్లోసోలాలియా నమూనా వినిపించి, 30 సెకన్లపాటు అలా పలకమన్నారు. తొలి ప్రయత్నంలోనే దాదాపు 20 శాతం మంది ధారాళంగా పలికారు. తర్వాత సగం మందికి రెండు విడతలు శిక్షణ ఇచ్చారు. నమూనాలు చూపించడం, ఎదురుగా పలికి వినిపించడం, ప్రోత్సహించడం అందులో భాగం. శిక్షణ పొందినవారిలో 70 శాతం మంది ధారాళంగా పలకగలిగారు. మైకం అవసరం లేదని, విని నేర్చుకోవడంతోనే ఇది సాధ్యమని దీన్నిబట్టి తేలుతుంది.

అయితే ఇక్కడ తొందరపడి, విశ్వాసులు నటిస్తున్నారని అనడం తప్పు. నాటకంలో నటుడు కన్నీళ్లు తెప్పించుకోగలిగినంత మాత్రాన ఇళ్లలో ఏడ్చేవారి దుఃఖం అబద్ధం కాదు. నోరు ఆ ధ్వనులను ఎలా పుట్టించగలదో ఈ ప్రయోగం చెప్పింది. ఆ క్షణంలో ప్రార్థించే మనిషి అనుభవం ఏమిటో అది కొలవలేదు.

మెదడులో కనిపించినది

ఆ అనుభవాన్ని మరో వైపు నుంచి చూసే ప్రయత్నం 2006లో జరిగింది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ న్యూబర్గ్ బృందం ఐదుగురు మహిళల మెదళ్లను 'స్పెక్ట్' అనే పద్ధతిలో పరిశీలించింది.

ఎంఆర్‌ఐ యంత్రంలో తల కదలకూడదు. అన్యభాషల ప్రార్థనలో మనిషి నిలబడతాడు, ఊగుతాడు, చేతులెత్తుతాడు. స్పెక్ట్‌తో ఈ చిక్కు తప్పుతుంది. ప్రార్థన సాగుతుండగా సెలైన్ గొట్టం ద్వారా టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థంతో చేసిన మందును కొద్దిపాటి మోతాదులో రక్తంలోకి పంపుతారు. మెదడులో ఏ భాగానికి రక్తం ఎక్కువగా వెళుతుంటే అక్కడ అది ఎక్కువగా చేరి, నిమిషాల్లోనే స్థిరపడిపోతుంది. దాని అర్ధాయుష్షు దాదాపు 6 గంటలు. కాబట్టి ప్రార్థన ముగిశాక తీరిగ్గా పడుకోబెట్టి, వెలువడే గామా కిరణాలను నమోదు చేసినా, దొరికేది మందు చేరిన ఆ కొద్ది నిమిషాల నాటి చిత్రమే.

అదే మహిళలు భక్తిగీతాలు పాడుతున్నప్పటి చిత్రంతో దీన్ని పోల్చారు. సంగీతం, కదలిక, భక్తి రెండింటిలోనూ ఉన్నాయి. తేడా మాటల తీరులోనే ఉంది. అన్యభాషల్లో ప్రార్థించేటప్పుడు నుదుటి వెనుక ఉండే ఫ్రంటల్ భాగాల్లో రక్తప్రసరణ తగ్గింది. పనులను ఉద్దేశపూర్వకంగా నడిపించడంలో ఈ భాగాలది ప్రధాన పాత్ర. తమ ప్రయత్నం లేకుండా మాటలు వాటంతటవే వస్తున్నాయని విశ్వాసులు చెప్పే అనుభవంతో ఇది సరిపోతుంది. ఇదే న్యూబర్గ్ 2003లో, పదాలపై మనసు నిలిపి ప్రార్థించే ముగ్గురు ఫ్రాన్సిస్కన్ సన్యాసినులను పరిశీలించినప్పుడు ఆ భాగాల్లో రక్తప్రసరణ పెరిగింది. ప్రార్థనలన్నీ మెదడుకు ఒకటి కావన్నమాట.

ఐదుగురితో చేసిన అధ్యయనాన్ని తుది తీర్పుగా తీసుకోకూడదు. రక్తప్రసరణ తగ్గడానికి కారణం దైవమో, అభ్యాసమో ఆ చిత్రం చెప్పదు. సైకిలు తొక్కడం బాగా అలవాటైనవారు ప్రతి కదలికనూ ఆలోచించనట్టే, అలవాటైన అక్షరధార కూడా సంకల్పం లేకుండా సాగవచ్చు.

ఇది జబ్బా?

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో కొందరు పరిశోధకులు అన్యభాషలను స్కిజోఫ్రీనియా, హిస్టీరియా వంటి వాటితో ముడిపెట్టారు. తర్వాతి అధ్యయనాలు దీన్ని బలపరచలేదు. అన్యభాషల్లో ప్రార్థించేవారి మానసిక ఆరోగ్యం మిగతావారికంటే తక్కువేమీ కాదని కిల్డాల్ 1972లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. అదే పరిశోధనలో ఇంకో విషయం కూడా బయటపడింది. ఈ వరం పొందినవారు తమను అందులోకి నడిపించిన బోధకుడిపై ఎక్కువగా ఆధారపడుతున్నారని, ఆ నమ్మకం దెబ్బతింటే ఈ అనుభవం విలువ కూడా వారికి తగ్గుతోందని ఆయన గమనించారు.

జబ్బుకూ ప్రార్థనకూ తేడా గుర్తుపట్టడం కుటుంబాలకు ఉపయోగపడే విషయం. అన్యభాషల్లో ప్రార్థించే మనిషి సందర్భాన్ని బట్టి మొదలుపెట్టి, ఆపి, వెంటనే మామూలుగా మాట్లాడగలడు. పిలిస్తే పలుకుతాడు. మెదడులో ఎడమవైపు భాషా కేంద్రాలకు పక్షవాతం వల్ల దెబ్బ తగిలినప్పుడు వచ్చే ఒక రకం అఫేసియాలో కూడా మనిషి ధారాళంగా, అర్థం లేకుండా మాట్లాడవచ్చు. కానీ అతను దాన్ని ఆపి సరైన మాట చెప్పలేడు, ఎదుటివారి మాటా సరిగా అర్థం చేసుకోలేడు. ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా మాట తారుమారైతే, ముఖ్యంగా మూతి వంకరపోవడం, చేయి పడిపోవడం తోడైతే, ప్రార్థనతోనే సరిపెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పక్షవాతంలో ప్రతి నిమిషం విలువైనది. అలాగే రోజుల తరబడి పొంతనలేని మాటలు, నిద్రలేమి, లేని గొంతులు వినిపించడం వంటివి ఉంటే మానసిక వైద్యుడిని కలవాలి.

ఇక వరం రానివారి సంగతి. కొన్ని సంఘాలు అన్యభాషలను పరిశుద్ధాత్మ బాప్తిస్మానికి గుర్తుగా బోధిస్తాయి. అక్కడ ఎంత ప్రార్థించినా నోట ఆ మాటలు రానివారు తమ విశ్వాసంలోనే లోపముందని కుమిలిపోయే ప్రమాదం ఉంది. భారతదేశంతో సహా పది దేశాల్లో ప్యూ సంస్థ 2006లో జరిపిన సర్వేలో, ఆరు దేశాల్లో పెంతెకొస్తు విశ్వాసుల్లో 40 శాతానికి పైగా తాము ఎన్నడూ అన్యభాషల్లో మాట్లాడలేదని చెప్పారు. స్పానోస్ ప్రయోగంలోనూ శిక్షణ పొందినవారిలో 30 శాతం మంది ధారాళంగా పలకలేకపోయారు. ధారాళంగా పలకడంలో మనుషుల మధ్య సహజమైన తేడాలున్నాయి. పాడటం అందరికీ ఒకేలా రానట్టే ఇదీ ఒకేలా రాదు. ఒకరి భక్తిని దీంతో తూచడానికి శాస్త్రంలో ఆధారం లేదు.

అన్యభాషల ప్రార్థన భాషా నిర్మాణం ఉన్న భాష కాదని చెప్పడానికి బలమైన ఆధారాలున్నాయి. అది జబ్బు అనడానికీ, మోసం అనడానికీ లేవు. ఆ ప్రార్థనను దేవుడు వింటాడా అన్న ప్రశ్నకు టేపు రికార్డరు గానీ, గామా కెమెరా గానీ జవాబు చెప్పలేవు. ఎవరైనా తమ నోట వస్తున్నది ఫలానా దేశపు భాషేనని అన్నప్పుడు మాత్రం పరీక్ష చాలా సులువు. ఆ భాష మాట్లాడేవారిని పిలిచి వినిపిస్తే సరిపోతుంది. గార్ దంపతులకు కలకత్తాలో ఎదురైనది అదే.